గట్టు దిగి మెట్లెక్కిన మా వరుస

నేను ఏడో తరగతికి వచ్చేదాకా మా ఇంటికి నంబరు లేదు. విజయవాడలో ఏలూరు కాలువ గట్టు మీద, నీళ్ళకూ రోడ్డుకూ నడుమ మిగిలిన సన్నటి జాగాలో, తాటాకులూ రేకులూ తార్పాలిన్ పట్టలూ కలిపి కట్టుకున్న ముప్ఫై ఇళ్ళ వరుసలో మాది ఒకటి. ఎవరైనా ఉత్తరం రాయాలంటే నాన్న పేరు కింద ‘కాలవ గట్టు, ఇడ్లీ బండి పక్కన’ అని రాసేవారు. పోస్టుమాన్‌కు ఆ బండి తెలుసు గనుక ఉత్తరం ఒక్కటి కూడా తప్పిపోయేది కాదు. ఆ బండి నడిపిన ఆవిడను మా వరుసలో పిల్లలందరమూ పిన్ని అనే పిలిచేవాళ్ళం.

1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో ఉన్నదంతా పోగొట్టుకుని తాతయ్య బెజవాడ చేరాడు. పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్ళకు ఈ ఊళ్ళో అద్దె లేకుండా దొరికే చోట్లు రెండే ఉండేవి: ఒకటి కొండవాలు, రెండోది కాలవ గట్టు. కృష్ణ నుంచి బయలుదేరిన ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊరి నడిబొడ్డు నుంచే పోతాయి కాబట్టి గట్టు మీద ఉన్నవాడికి పని కూతవేటు దూరంలో ఉండేది. నాన్న కాళేశ్వరరావు మార్కెట్‌లో ముఠా కార్మికుడు. తెల్లవారుజామున మూడింటికి కూరగాయల లారీలు దిగే వేళకు నడిచే వెళ్ళేవాడు. అమ్మ సత్యనారాయణపురంలో నాలుగిళ్ళలో పాచిపని చేసి, నేను బడికి బయలుదేరే లోపు ఒకసారి ఇంటికొచ్చి, జడ వేసి, మళ్ళీ వెళ్ళేది. పని, బడి, ఆసుపత్రి, రేషన్ డిపో అన్నీ నడక దూరంలో ఉండటం ఎంత విలువైనదో అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు. దాన్ని ఒక ఆస్తిగా లెక్కపెట్టాలని ఇళ్ళ కోసం సర్వే చేయడానికి వచ్చినవారికీ తోచలేదు.

ఆ రోజులను తీపిగా చెప్పుకోవడం సులువే గాని అది నిజం కాదు. వరుస మొత్తానికి ఒక్క వీధి పంపు ఉండేది. ఆడవాళ్ళు చీకటి ఉండగానో, చీకటి పడ్డాకనో తప్ప బయటికి వెళ్ళడానికి వీలుండేది కాదు. మా అక్క పెద్దమనిషి అయిన ఏడాది, స్నానానికి నాలుగు చీరలు కట్టి అమ్మ కాపలా నిలబడేది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఆ మురుగు వాసనలోనే అన్నం తినేవాళ్ళం, జూన్‌లో నీళ్ళు వదిలాక చంటిపిల్లల నడుముకు తాడు కట్టి గుంజకు ముడివేసేవాళ్ళు. వరుస అంటే అవన్నీ కలిసి భరించడం. ఎవరింట్లో జ్వరం వచ్చినా పక్కింటి పొయ్యి మీద గంజి ఉడికేది, చీటీ పాట పిన్ని బండి దగ్గరే జరిగేది, నాన్న తాగి వచ్చిన రాత్రి ఎదురు చెప్పగలిగిన పెద్దాయన మూడో గుడిసెలో ఉండేవాడు.

గట్టు ఖాళీ చేయిస్తారన్న మాట నా చిన్నతనమంతా వినిపిస్తూనే ఉండేది. ఈసారి మాత్రం ఖాళీ చేయించడంతో పాటు పక్కా ఇల్లు ఇస్తారని కూడా అన్నారు. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అనే పథకాన్ని 2001 డిసెంబరు 2న అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైదరాబాదులోనే ప్రారంభించారు. పట్టణాల మురికివాడల్లో ఉండే పేదల కోసం పెట్టిన ఆ పథకంలో సగం ఖర్చు కేంద్రం సబ్సిడీగా ఇచ్చేది, మిగతా సగం రాష్ట్రం సమకూర్చుకోవాలి. ఇంటి విస్తీర్ణం కనీసం 15 చదరపు మీటర్లు ఉండాలి, పట్టా భార్య పేరు మీద గానీ ఇద్దరి పేర్ల మీద గానీ రాయాలి. ఈ సంగతులన్నీ నేను డిగ్రీలో చేరిన తర్వాత చదువుకుని తెలుసుకున్నవి. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే: ఇల్లు అమ్మ పేరు మీద వస్తుంది. వేలిముద్ర తప్ప సంతకం రాని మా అమ్మ, ఆ కబురు విన్న వారం రోజుల్లో నా పలక తీసుకుని తన పేరు రాయడం నేర్చుకుంది.

మా వాటాగా కట్టాల్సిన సొమ్ము కోసం అమ్మ చీటీ ఎత్తింది. 2005 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగాయని గట్టు మీద చెప్పుకున్నారు. మాకు ఇల్లు ఇవ్వబోయేది కూడా ఆ వైపే అని తెలిసినా, ఇల్లు ఇస్తామన్నవారిని ‘అక్కడ నీళ్ళొస్తాయటగా’ అని అడిగే ధైర్యం మా వరుసలో ఎవరికీ లేకపోయింది. మరుసటి ఏడు మా వంతు వచ్చింది.

ఇళ్ళ కేటాయింపుకు చీట్లు తీశారు. చీటీ తీస్తే ఎవరికీ అన్యాయం జరగదు, పైరవీలకు చోటుండదు అన్నారు, అది నిజమే. కానీ ముప్ఫై ఇళ్ళ వరుస ఆ ఒక్క మధ్యాహ్నంలో ముప్ఫై దిక్కులకు పోయింది. పిన్నికి చివరి బ్లాకులో పై అంతస్తు వచ్చింది. నాన్నను మందలించగలిగిన పెద్దాయనకు మాకు కనిపించనంత దూరంలో వచ్చింది. మాకు కూడా మేడ మీదే వచ్చింది. మా గుమ్మం పక్క గుమ్మం వాళ్ళు బందరు కాలువ గట్టు నుంచి, ఎదుటివాళ్ళు ఇంకేదో కొండ మీది నుంచి వచ్చారు. ఎవరి కులమేమిటో, ఎవరి మతమేమిటో, ఎవరింట్లో ఎవరు తాగుతారో, ఎవరికి అప్పు ఇవ్వవచ్చో ఒకరికొకరికి తెలియదు. ‘కలిసి ఉంటాం, పక్కపక్కనే ఇవ్వండి’ అని గట్టు వాళ్ళు కొందరు అడగకపోలేదు, కానీ జాబితాలో ఉన్నవి విడివిడి కుటుంబాల పేర్లే గాని, వరుస అనే గడి ఆ కాగితంలో లేదు.

మొదటి రాత్రి మాత్రం పండగే. మీట నొక్కితే దీపం వెలిగింది. తలుపు ఉన్న మరుగుదొడ్డి ఇంట్లోనే ఉంది. అక్క ఆ రాత్రి లోపల గడియ పెట్టుకుని చాలాసేపు స్నానం చేసింది, అమ్మ తొందరపెట్టలేదు. అర్ధరాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే అమ్మ లేచి గడియ తీస్తూ, మళ్ళీ వేస్తూ నిలబడి ఉంది. ఏమిటమ్మా అంటే ‘పడుతోందో లేదోనని’ అంది. ప్రభుత్వ ఇళ్ళ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఆ గడియ చప్పుడే గుర్తొస్తుంది.

తెల్లవారాక లెక్క వేరే మొదలైంది. మూడింటికి మార్కెట్ చేరాలంటే బస్సు ఉండదు, ఆటోకు పెట్టే డబ్బు నాలుగు బస్తాలు మోసినదానితో సమానం. నాన్న పాత సైకిల్ ఒకటి కొని కొన్నాళ్ళు చీకట్లో తొక్కాడు, వానాకాలం వచ్చేసరికి వారంలో నాలుగు రాత్రులు మార్కెట్‌లోనే బస్తాల మీద పడుకోవడం మొదలుపెట్టాడు. ఇల్లు వచ్చింది, ఇంటి మనిషి ఇంట్లో లేకుండా పోయాడు. అమ్మ నాలుగిళ్ళలో రెండు వదులుకుంది. ఆ రెండిళ్ళ వాళ్ళూ మరో పనిమనిషిని వెతుక్కోవడానికి నెలల తరబడి అవస్థపడ్డారని తర్వాత తెలిసింది. గట్టు ఖాళీ అయితే గట్టు మీది వాళ్ళకే కాదు, గట్టును ఆనుకుని బతికే వీధులకూ లోటు వస్తుందని అప్పుడు అర్థమైంది. పిన్ని సంగతి అన్నిటికన్నా కష్టం. తోపుడు బండిని మేడ ఎక్కించలేదు, కింద వదిలితే చక్రాలు ఉండవు. మెట్ల కమ్మీకి గొలుసువేసి కట్టుకుంది. అయితే బ్లాకులో అందరూ కూలికి పోయేవాళ్ళే, ఇడ్లీ కొనుక్కునేవాళ్ళు లేరు. ఆరు నెలలు చూసి, ఇంటిని ఒక నోటరీ కాగితం మీద మరొకరికి ఇచ్చేసి, మళ్ళీ ఒక కాలువ గట్టుకే వెళ్ళిపోయింది. ప్రభుత్వం ఇచ్చిన ఇల్లు అమ్మడానికి వీల్లేదని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ‘ఇల్లు అమ్ముకుని తిన్నారు’ అని బయటివాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారు. పిన్ని అమ్ముకున్నది ఇల్లు కాదు, బండిని కాపాడుకోవడానికి మేడను వదులుకుంది. నేను దగ్గరుండి చూశాను కాబట్టి ఆమెను తప్పుపట్టలేను.

నీళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. పై అంతస్తుకు నీళ్ళు ఎక్కని రోజులే ఎక్కువ. బిందెలతో మెట్లెక్కలేక, అమ్మ కిటికీ ఊచకు గిలక కట్టించి, ప్లాస్టిక్ బకెట్‌కు నైలాన్ తాడు ముడివేసింది. కింద ఎవరో ఒకరు నింపాలి, పైన మనం లాగాలి. నింపడానికి మొదట నేను దిగేదాన్ని, ఒకరోజు నేను బడిలో ఉండగా కింది గుమ్మం ఆవిడ, ఆమె కూడా బందరు కాలువ గట్టు నుంచి వచ్చినావిడే, అడగకుండానే నింపింది. ఆ సాయంత్రం అమ్మ అదే బకెట్‌లో గిన్నెడు పప్పు పెట్టి కిందికి దించింది. మా బ్లాకులో ఇరుగుపొరుగు అనేది మొదలైంది అక్కడే. అరుగులు లేని ఇళ్ళలో మెట్లే అరుగులయ్యాయి. మలుపు దగ్గర ఉన్న చదును మీద బియ్యం ఏరడం, పేలు చూడటం, చీటీ పాట, పంచాయితీ అన్నీ జరిగేవి. ఇరుకు మెట్ల మీదుగా మొదటిసారి శవాన్ని దించవలసి వచ్చినప్పుడు నలుగురు మగవాళ్ళు పాడెను నిలువుగా పట్టుకోలేక, చాపలో చుట్టి చేతుల మీద దించారు. ఆ రోజు తర్వాత బ్లాకులో ఎవరూ ఎవరికీ కొత్తవాళ్ళు కారు.

అయినా ఆ దశకు చేరడానికి నాకు తెలిసి ఏడెనిమిదేళ్ళు పట్టింది. ఈలోపు మా ఈడు మగపిల్లలు కొందరు బడి మానేశారు. పాత బడికి పోవాలంటే రెండు ఆటోలు మారాలి, దగ్గరి బడిలో గది చాలని రద్దీ. నేను మానకపోవడానికి కారణం నా తెలివి కాదు, సత్యనారాయణపురంలో అమ్మ పనిచేసే ఇంటి మామ్మగారు పదో తరగతి దాకా నా మధ్యాహ్న భోజనం వాళ్ళింట్లో పెట్టడమే. చుట్టుపక్కల పాత కాలనీల వాళ్ళు మమ్మల్ని ‘వాంబే వాళ్ళు’ అనేవారు. దొంగతనం జరిగితే మొదట మా వైపే చూసేవారు. అక్కకు సంబంధం చూసినప్పుడు పెళ్ళివారు చిరునామా విని లేచిపోయారు. వాంబే అంటే ఏమిటని నేను చాలామందిని అడిగాను. ఊరి పేరనుకున్నారు కొందరు, కాంట్రాక్టరు పేరనుకున్నారు మరికొందరు. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అనే ఆ పథకం పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిస్తే వచ్చిన మాట అది. తలెత్తుకుని చెప్పుకోవలసిన ఇద్దరు పెద్దల పేర్లు కుదించి పెడితే, అవి మా నుదుటి మీద పేదరికపు ముద్రగా మిగలడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మన దగ్గర పేదల కాలనీలకు పథకం పేరో, పెట్టిన నాయకుడి పేరో తప్ప అక్కడ ఉండేవాళ్ళు పెట్టుకున్న పేరు ఉండదు. ఇందిరమ్మ కాలనీ, రాజీవ్ గృహకల్ప, జగనన్న కాలనీ అనగానే ఎదుటివాడికి మన ఆదాయం తెలిసిపోతుంది.

కాలం గడిచేకొద్దీ కాలనీ మారింది. బస్సులు పెరిగాయి, షేర్ ఆటోలు వచ్చాయి, కిరాణా కొట్లు, కుట్టు మిషన్లు, చిన్న చర్చి, రామమందిరం వచ్చాయి. మేము దిగినప్పుడు పొలాలుగా ఉన్న పక్క జాగాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. మా కోసం వేసిన రోడ్డూ, కరెంటు తీగా, నీళ్ళ పైపూ ఆ భూముల ధర పెంచాయి, ఆ పెరిగిన ధర మాది కాదు. అయితే ఆ అపార్ట్‌మెంట్ల వల్లే అమ్మకు నడక దూరంలో మళ్ళీ మూడిళ్ళ పని దొరికిందని కూడా చెప్పాలి. పేదలను ఒకచోటికి తరలిస్తే ఆ చుట్టుపక్కల విలువ పడిపోతుందని వాదించేవారు మా వైపు ఒకసారి వచ్చి చూడవచ్చు.

ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళాక, ఇలాంటి ఇళ్ళు ఎక్కడున్నా చూసి రావడం నాకు అలవాటైంది. సికింద్రాబాదు ఐడీహెచ్ కాలనీలో శిథిలమైన పాత ఇళ్ళను కూల్చి, అదే చోట 396 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. అక్కడ మెట్ల దగ్గర కూర్చున్న ముసలమ్మలు ఒకరినొకరు యాభై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళు. నడక దూరంలో పాత పనీ, పాత బడీ ఉన్నాయి. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్ళు ప్రారంభించారు, అవి కూడా అంతే చక్కటి ఇళ్ళు, ఇంకా ఎత్తైన భవనాలు. కానీ అవి సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి, చీటీలో పేరు వచ్చినవారు నగరం నలుమూలల బస్తీల నుంచి వచ్చినవారు. అక్కడ లిఫ్టు దగ్గర ఒకావిడను పలకరిస్తే, ఆమె పొద్దున్నే పనికి వెళ్ళే దారి లెక్క చెప్పింది. నాన్న సైకిల్ కళ్ళముందు కదలాడింది. రెండు చోట్లా ఇల్లు ఒకటే, చుట్టూ ఉన్నది వేరు. ఆంధ్రలో 2020 డిసెంబరు 25న పట్టాల పంపిణీ మొదలుపెట్టి పట్టణాల్లో ఒక సెంటు, అంటే 48.4 చదరపు గజాల చొప్పున స్థలాలు ఇచ్చినప్పుడు, మా పెదనాన్న కూతురికీ ఊరికి చాలా దూరంగా ఒకటి వచ్చింది. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న ‘నీళ్ళు వస్తాయా’ అని కాదు, ‘పక్కన ఎవరో తెలుసుకునేదెట్లా’ అని.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు మళ్ళింపు కాలువ కట్టకు గండ్లు పడి నీళ్ళు సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీల మీద పడ్డాయి. అక్కడ కృష్ణ కూడా నిండుగా ఉంది, మరునాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను హైదరాబాదులో ఉన్నాను. ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీద నీళ్ళు, కేసముద్రం వైపు రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, వెళ్ళే దారి లేదు. మధ్యాహ్నం అమ్మ ఫోన్‌లో ‘కింద ఇళ్ళన్నీ మునిగినయ్, అందరూ మన దగ్గరే ఉన్నారు’ అని చెప్పి పెట్టేసింది, ఆ తర్వాత ఛార్జింగ్ అయిపోయింది. మూడు రోజులు నాకు ఆ వాక్యమే ఆధారం.

తర్వాత తెలిసింది, మా రెండు గదుల్లో పదిహేడు మంది ఉన్నారట. కింది గుమ్మం ఆవిడ, ఆమె కోడలు, ఏడు నెలల బిడ్డ, ఎదురింటి వాళ్ళు, ఎవరింటివాళ్ళో తెలియని ఇద్దరు కుర్రాళ్ళు. పడవల్లో పాల పొట్లాలు, అన్నం పొట్లాలు వచ్చాయి, కొన్నిచోట్ల డ్రోన్లతో దించారు. మా బ్లాకుకు పడవ వచ్చినప్పుడు అమ్మ కిటికీ నుంచి బకెట్ దించిందట. గిలక ఏనాడో తుప్పుపట్టి పోయింది, తాడు మాత్రం అటక మీద దాచే ఉంచింది. నాన్నకు అప్పటికి నడుము పోయి నాలుగేళ్ళయింది, తాడు లాగింది ఆ ఎవరో తెలియని కుర్రాళ్ళే. ఏలూరు కాలువ గట్టు మీద మేము ఉన్నన్నాళ్ళూ ఇంట్లోకి అంత నీరు ఎన్నడూ రాలేదని నాన్న ఒకే ఒక్కసారి అన్నాడు, అమ్మ జవాబు చెప్పలేదు.

ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్ళకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలు సాయం ప్రకటించింది. లెక్క సబబే. సామానంతా పోయింది కింది వాళ్ళకే. కానీ పద్దెనిమిదేళ్ళ కిందట చీటీలో కింది ఇల్లు వచ్చినవాళ్ళను ‘అదృష్టవంతులు, మెట్లెక్కే పని లేదు’ అని మేమే అసూయపడ్డాం.

ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి వెళ్ళాను. గోడల మీద నీటి గీత అలాగే ఉంది. కింది గుమ్మం ఆవిడ ఇంట్లో కొత్త గ్యాస్ పొయ్యి తప్ప ఇంకేమీ కుదుటపడలేదు, అందుకని బ్లాకంతటికీ అరిసెల పాకం మెట్ల కింద కట్టెల పొయ్యి మీదే పట్టారు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ దిగలేకపోయింది. కింద నుంచి ‘వదినా, పిండి ఇక్కడ చాలడంలేదు’ అని కేక వినిపించింది. అమ్మ తడి పిండి తవ్వతో కొలిచి బకెట్‌లో పోసి, పైన గుడ్డ కప్పి, తాడు మెల్లగా వదలమని నా చేతికి ఇచ్చింది.